అవ్వ పక్క చోటు

సముద్రమంత వెడల్పున్న ఏరు, తాటిచెట్లంత అలలు! ఆ ఏరు దాటే పడవలో నేనూ ఉన్నానయ్యా, నా కళ్లతో చూశాను.

పడవ గూటి నీడన గవరమ్మ అనే చేపలమనిషి కూర్చుంది. జ్వరంతో రాత్రుళ్లు రెప్పవాల్చని ఆమె తల్లి, అప్పుడే కూతురి భుజమ్మీద వాలి నిద్రపోయింది.

ఎండలో బాలీసు వేసుకుని కూర్చున్న దండనాయకుడు రణభీముడు మీసం దువ్వాడు. "లేవే! ఆ చోటు నాకిచ్చి నా చోటు తీసుకో. అది దండనాయకుడి చోటు!"

"అట్టాగే దొరా. చోటు మారితే ఆ చోటు చాకిరీ కూడా మారాలి. ఒప్పుకుంటారా?"

"నీ చాకిరీ ఏపాటిది! ఇంతమంది ముందు మాటిస్తున్నా," అంటూ వచ్చి కూర్చున్నాడు.

గవరమ్మ తల్లి తలను మెల్లగా దొర భుజానికి చేర్చింది. "ఇదే చాకిరీ. అమ్మ లేచేదాకా కదలకూడదు."

అవ్వ గురకకు కొండలు అదిరాయి. పట్టు కండువా మీద చొంగ కారింది. దొర కాస్త మెదలబోతే చాలు, పడవంతా "ష్!" అనేది.

"తల్లీ, నీ చోటు నువ్వు తీసుకో," అని ఆయన గుసగుసగా బతిమాలాడు.

"దండనాయకుడి చోటు ఎవరన్నా వదులుకుంటారా దొరా?" అని గవరమ్మ ఆయన బాలీసుకు చేరగిలబడింది.

ఏడు కోటలు కూల్చిన ఆ భుజం ఒడ్డు చేరేదాకా వెంట్రుకవాసి కదల్లేదు. అప్పుడు అవ్వ జ్వరం దిగి, కళ్లు తెరిచి, "దిండు కాస్త గట్టిగా ఉందే పిల్లా," అంది.