తల తీస్తే తెరుచుకోని ఫోన్

నమ్మితే నమ్ము, లేకపోతే పో! రణభీమ రాజుకి నిద్రే పట్టట్లేదు. పొరుగు రాజు కొత్త ఫోన్ కొని, ఏనుగెక్కి సెల్ఫీలు దిగి అందరికీ చూపిస్తున్నాడు మరి. కుళ్ళుకుని చచ్చి ఈయనా అదే ఫోన్ తెప్పించాడు. అది తెరుచుకుంటేగా!

పాత ఫోన్‌తో కస్టమర్ కేర్‌కి చేస్తే పొద్దున్నుంచీ ఒకటే పాట. చివరికి ఎవడో ఎత్తి, "కిరీటం తీసి ఫోన్‌కి మొహం చూపించండి సార్" అన్నాడు.

"ఒకడు చెప్తే నేను కిరీటం తీయాలా?" అని రాజు మండిపడి, ఫోన్ తన గొడుగు పట్టే పోలయ్య చేతిలో పడేశాడు. "సాయంత్రంలోగా తెరువు. లేదంటే తల తీయిస్తా!"

పోలయ్య తన మొహమే చూపించాడు. మొదట చూసిన మొహాన్నే గుర్తుపెట్టుకుని టక్కున తెరుచుకుంది. ఇక రాజు మొహం పెడితే మాత్రం ససేమిరా అంటోంది. ఇప్పుడు రాజు కుళ్ళంతా పోలయ్య మీదకి తిరిగింది.

"నా ఫోన్ నీ మొహానికి తెరుచుకుంటుందా? తీయండ్రా వీడి తల!"

"తీయించండి ప్రభూ. తల పోతే ఫోన్ తెరుచుకోదు. మళ్ళీ కస్టమర్ కేర్‌కి తమరే చేయాలి."

ఆ పాట గుర్తొచ్చి రాజుకి చెమటలు పట్టాయి. "పోలయ్యా, ఏనుగెక్కి సెల్ఫీ దిగుదాం రా నాయనా" అన్నాడు మెల్లగా.

ఫోన్ పోలయ్య పట్టుకున్నాడు కదా, మరి గొడుగు ఎవరు పట్టారో తెలుసా... అయ్యో, మా అమ్మ పిలుస్తోంది. ఆఁ, వస్తున్నానమ్మా!