పాము గుడ్డులో పాట మరిచిన అవ్వ

ఒకప్పుడు పాముకి నాలుగు కాళ్ళుండేవి. ఉడుములాగే గబగబా నడిచేది.

అప్పుడూ పాము గుడ్లే పెట్టేది. గుడ్డు లోపల మొదట్లో తలా లేదు, తోకా లేదు. కంటికి కనిపించనంత చిన్న కణాలు బారుగా నిలబడి ఉండేవి. అన్నీ ఒకే పోలిక. తానేమవ్వాలో ఏ కణానికీ తెలియదు.

తెలిసినది ఒక్క అవ్వకే. ప్రతి గుడ్డులోనూ ఒక అవ్వ ఉండేది. వరినాట్లప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నట్టు, అవ్వ ఒక్కో మాటా పాడేది. ఆ మాట విన్న కణాలు అదే అయిపోయేవి. తల, మెడ, ముంగాళ్ళు, పక్కటెముకలు, వెనకకాళ్ళు, తోక. పాట ఆగితే గుడ్డు మురిగిపోతుంది.

ఒక గుడ్డులో అవ్వ "తల" అంది. ముందున్న కణాలు తలయ్యాయి. తర్వాత మాట రాలేదు.

"అవ్వా, మేమేం కావాలి?" అని రెండో వరస అడిగింది.

"ఉండండే. నాలిక మీదే ఆడుతోంది."

"నాలిక తలవాళ్ళు పట్టుకుపోయారు. మా సంగతి చెప్పు."

తల తర్వాత ఏవో ఉన్నాయి. ఒకటా, రెండా? పక్కటెముక మాత్రం గుర్తుంది. అది ముందా, వెనకా? అవ్వకి తికమకగా ఉంది. గుడ్డు మురిగిపోతుందని భయం వేసి, "పక్కటెముక" అంది.

మూడో వరస అడిగింది. మళ్ళీ ఏమీ తోచలేదు.

నాట్లలో చరణం మరిచిపోయిన ఆమె, చేతులు ఆగిపోకుండా పాడిన చరణమే మళ్ళీ పాడుతుంది. అవ్వా అంతే చేసింది. "పక్కటెముక."

"ముందువాళ్ళకీ అదేగా ఇచ్చావు?"

"తీసుకోండమ్మా. ఊరికే నిలబడితే మురిగిపోతారు."

ఈసారి గుర్తొస్తుంది అనుకుంటూ ప్రతిసారీ అదే పాడింది. పాట సాగేకొద్దీ వెనక కొత్త కణాలు వచ్చి నిలబడుతున్నాయి. ఒళ్ళు పెరిగి పెరిగి చుట్టలు చుట్టుకుంది.

"ఇది పామా, నిచ్చెనా?" అంది ఒక కణం.

"నవ్వకే. నేను తెలిసి చేస్తున్నానా?"

చివరికి గుడ్డులో చోటు అయిపోయింది. "మా వెనక ఇంకెవరూ లేరవ్వా" అన్నాయి ఆఖరి కణాలు.

ఆఖరు అనేసరికి అవ్వకి తోక గుర్తొచ్చింది. పాట పూర్తయింది. గుడ్డు మురిగిపోలేదు.

ఇందాక నిచ్చెనా అని అడిగిన కణం అంది, "నాకు పాట వచ్చేసింది. ఈ పిల్ల పెట్టే గుడ్లలో నేనే పాడతాను."

"అలా కాదే. మధ్యలో వేరే మాటలున్నాయి. గుర్తొచ్చాక చెప్తాను, అప్పుడు నేర్చుకో."

"గుర్తు రాకపోతే?"

అవ్వ చుట్టలు చుట్టుకున్న పిల్లని తలనుంచి తోకదాకా చూసింది.

"అయితే ఇదే నేర్చుకో. బతికించింది ఇదే కదా."

అప్పటినుంచే పాముకి కాళ్ళు లేవు. తల వెనకనుంచి తోకదాకా పక్కటెముకలే. కొండచిలువకి మాత్రం తోక మొదట్లో రెండు చిన్న గోళ్ళుంటాయి. దాని గుడ్డులో పాడే అవ్వకి అక్కడికి వచ్చేసరికి ఏదో మాట సగం గుర్తొస్తుంది, మళ్ళీ పోతుంది.