నునుపైన తాటాకులు

కృష్ణాతీరాన ఉన్న ఒక ఆరామానికి, గ్రంథరచన అభ్యసించేందుకు సింహళదేశం నుంచి ధమ్మసేనుడనే యువభిక్షువు వచ్చాడు. అక్కడి ఆచార్యులు రేవతస్థవిరులు స్వయంగా దిద్దిన గ్రంథంతో తిరిగి రమ్మని స్వదేశంలోని పెద్దలు అతణ్ణి ఓడ ఎక్కించారు.

ఆ ఆరామంలో ఒక పద్ధతి ఉండేది. శిష్యుడు ఒక్క తాటాకు రాసినా సరే, సాయంత్రానికి గురువుగారి ముందుంచాలి. తప్పు కనిపించిన చోటల్లా ఆయన గంటంతో చిన్న గీత గీసేవారు. గీతలు పడని ఆకు అక్కడ ఏ శిష్యుడి దగ్గరా ఉండేది కాదు.

ధమ్మసేనుడికి ఆ గీతలంటే భయం. వచ్చిన కొత్తలో అతని పరాయి ఉచ్చారణ విని సభంతా నవ్వింది. ఇక తప్పులతో ఎవరి కంటా పడకూడదని నిశ్చయించుకున్నాడు. గ్రంథాన్ని అధ్యాయాలుగా విభజించాడు; ఆ విభజనను మళ్ళీ మార్చాడు. ఆకులను పసుపునీళ్ళలో ఉడికించి, నీడన ఆరబెట్టి, శంఖంతో రుద్ది నున్నగా చేశాడు.

"ఏమోయ్ సింహళా! నీ గ్రంథం ఇంకా ఉడుకుతూనే ఉందా?" అని తోటి శిష్యుడు నందకుడు ఆటపట్టించేవాడు.

గురువుగారు మాత్రం, "ఎలా ఉన్నా సరే, ఒక్క ఆకు పట్టుకురా నాయనా," అనేవారు.

"ఇంకా కుదరలేదు, భంతే."

ఆయన ఇతరుల ఆకులను దీపానికి దగ్గరగా, నానాటికీ మరింత దగ్గరగా పట్టుకోవడం ధమ్మసేనుడు చూస్తూనే ఉన్నాడు. చూస్తూ కూడా, వచ్చే పక్షానికి మొదలుపెడదాంలే అనుకున్నాడు.

వానలు వెలిశాక సింహళానికి వెళ్ళే ఓడ రేవుకు వచ్చింది. అప్పటికి గురువుగారికి చూపు పూర్తిగా పోయింది.

ధమ్మసేనుడు ఆకుల కట్టతో వెళ్ళి పాదాలకు మొక్కాడు. "మొదటి ఆకు మీద అధ్యాయాల పేర్లున్నాయి, భంతే. తక్కినవి..."

గురువుగారు చెయ్యి చాచారు. రాసిన ఆకైతే గంటం గాట్లు వేలికి తగులుతాయి. మొదటి ఆకును తడిమి పక్కన పెట్టారు. తర్వాతి ఆకు తడిమారు. ఆ తర్వాతిది. ఒక్కటి కూడా వదలకుండా, తొందరపడకుండా, చిట్టచివరి ఆకు దాకా తడిమారు. శిష్యుడు ఆ వేళ్ళనే చూస్తూ కూర్చున్నాడు.

రేవులో ప్రయాణభేరి మోగింది.

గురువుగారు కట్టకు మళ్ళీ దారం చుట్టి, తన గంటాన్ని దాని మీద ఉంచి శిష్యుడి చేతికిచ్చారు.

"చాలా నున్నగా ఉన్నాయి నాయనా. దిద్దడానికి నాకేమీ దొరకలేదు."