చూరు కింద పిచ్చుక వాటా

కాళ్ళు లోపలికి ముడుచుకో. బొంత మెడదాకా లాగాను, ఇంకా చలేమిటే నీకు? ఆ కిటికీ సంగతి నాకొదిలెయ్. అదిగో, మీ తాతయ్య కూడా వసారాలోంచి "పిచ్చుకా, ఆ కిటికీ వెయ్యవే, పిల్లకి చలి" అని అరుస్తున్నాడు. అరవనీ. ఆ వేలెడు సందు అలాగే ఉంటుంది. ఎందుకో చెప్తాను, ఊఁ కొడుతూ విను.

అనగనగా కొండ దిగగానే మంచు ముందుగా కాలు పెట్టే ఊరు ఒకటుంది. ఆ ఊళ్ళో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. మంచిదే కానీ మహా మొండిది. ఒక మాట అనుకుందంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా వినదు.

గవరమ్మకి ఒక్కతే కూతురు, మంగవేణి. ఆ పిల్ల పురిటికి పుట్టింటికొచ్చి, చలికాలం ముందర ఆడపిల్లని కంది. పిల్ల చూడబోతే గుప్పెడంత ఉంది. ఏడుపు మాత్రం ఊరంతా వినబడేది. "దీని గొంతు తగలెయ్య, ఒక్క నిమిషం కునుకు పడనివ్వదే!" అని గవరమ్మ పొద్దస్తమానం విసుక్కునేది. విసుక్కుంటూనే ముద్దులు పెట్టేది.

కానీ గవరమ్మకి లోపల ఒకటే గుబులు. మంగవేణి కంటే ముందు ఆవిడకి ఒక కొడుకు పుట్టాడు. పురిటి గదిలో ఉండగానే చలికి జబ్బు చేసి, ఆ బిడ్డ దక్కలేదు. ఆ మాట ఆవిడ నోటితో ఎన్నడూ అనేది కాదు. మంచు పడే రోజులొస్తే మాత్రం రాత్రిళ్ళు లేచి లేచి తలుపులు చూసుకునేది. "ఈసారి చలిని గడప తొక్కనిస్తే నా పేరు గవరమ్మ కాదు" అనుకుంది.

అప్పుడు ఇల్లు సర్దడం మొదలుపెట్టింది. కట్టెలు కొట్టించి అటకెక్కించింది. పాత చీరలన్నీ కలిపి ఇంత మందాన బొంత కుట్టింది. పిల్లకి చెవుల టోపీ, బాలింతరాలికి తలగుడ్డ, చెవుల్లోకి దూది, అన్నీ సిద్ధం చేసింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం కొండ మీంచి చలి దిగొచ్చింది. ఇంటి కప్పు మీద కూర్చుని, గడ్డి సందుల్లోంచి లోపలికి తొంగి చూసింది.

"గవరమ్మా గవరమ్మా, చోటుందా?"

"చోటు లేదు, గీటు లేదు. వచ్చిన దారినే పో!" అంది గవరమ్మ. తెల్లారగానే కప్పు లోపలి వైపు వెదురు తడిక కట్టించి, దాని మీద మందంగా మట్టి మెత్తించింది. ఇంక పైనుంచి గాలి చొరబడితే ఒట్టు.

అప్పుడు చలి చుట్టూ తిరిగి గోడ దగ్గరికొచ్చింది. పగుళ్ళలోంచి సన్నగా ఈల వేసింది.

"గవరమ్మా గవరమ్మా, చోటుందా?"

"చోటు లేదు, గీటు లేదు. వచ్చిన దారినే పో!" అని ఎర్రమట్టీ పేడా ఊకా కలిపి, కాళ్ళతో తొక్కి, గోడలన్నీ నున్నగా పూసేసింది. పూస్తూ పూస్తూ మొహానికి కూడా పూసుకుందిట. మంగవేణి పకపకా నవ్వింది.

ఆ తర్వాత చలి నేల మీద పాకుతూ వచ్చి తలుపు కింద దూరింది.

"గవరమ్మా గవరమ్మా, కాస్తంత చోటుందా?"

"ఎన్నిసార్లు చెప్పాలి నీకు!" అని గవరమ్మ గోనె సంచి చుట్టగా చుట్టి తలుపు కింద కుక్కింది. మిగిలిన గోనె పట్టాలు కిటికీకి బిగించి మేకులు కొట్టింది. చలి ఏం చేస్తుంది? మూతి ముడుచుకుని కొండెక్కి కూర్చుంది.

గవరమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఇల్లంతా కలయజూసింది. ఒకే ఒక్క కన్నం మిగిలింది. పురిటి గది గోడకీ చూరుకీ మధ్య, నా అరచేతిలో సగం ఉంటుందేమో. అందులో ఒక పిచ్చుక కాపురం ఉంటోంది.

గవరమ్మ మట్టిముద్ద పట్టుకుని బయట నిచ్చెనెక్కింది. పిచ్చుక తల బయటికి పెట్టింది.

"గవరమ్మత్తా, గవరమ్మత్తా, ఇదొక్కటీ ఉంచవూ? ఇల్లంతా నీదే కదా. ఈ కాస్తా నా వాటా అనుకో."

"నీ వాటా కోసం నా మనవరాలిని చలికి వదలమంటావా? ఫో ఫో!"

కింద నుంచి మంగవేణి కూడా అంది, "ఉండనియ్యమ్మా, అదేటి తింటాది, ఏటి తాగతాది? నాను పుట్టినకాడ్నించీ ఉందది."

"నీకేటి తెల్దు, నువ్వూరుకో. తలగుడ్డ లేకుండా బయటికెందుకొచ్చినావు? లోపలికి నడు!" అని కూతుర్ని కసిరి, పిచ్చుకని అదిలించి, కన్నంలో మట్టిముద్ద అదిమేసింది గవరమ్మ. పాపం, పిచ్చుక కంచె మీద వాలి, రెక్కలు ఉబ్బించుకుని అలాగే కూర్చుంది. నాకైతే గవరమ్మని చూస్తే ఒళ్ళు మండుతుంది. కానీ ఏం చేస్తాం, ఆవిడ భయం ఆవిడది.

ఆ మధ్యాహ్నమే ముసురు పట్టింది. గవరమ్మ కుంపటి నిండా బొగ్గులు రాజేసి, పురిటి గదిలో మంచం పక్కన పెట్టింది. పిల్లకి నీళ్ళు పోసి, సాంబ్రాణి ధూపం వేసి, టోపీ తొడిగి తల్లి పక్కలో పడుకోబెట్టింది. గది వెచ్చగా, కమ్మగా ఉంది. "చూశావా, ఇదీ ఇల్లంటే!" అని మురిసిపోయి, తను కూడా చాప మీద ఒరిగింది.

అప్పుడు ఏమైందో తెలుసా? కుంపటికి కూడా గాలి కావాలి. మనుషులకీ గాలి కావాలి. గదిలో గాలి కాస్తా అయిపోతోంది. ఎర్రటి బొగ్గుల్లోంచి కంటికి కనపడని పాడు గాలి పుడుతోంది. అది దగ్గు తెప్పించదు, కళ్ళు మండించదు. మెల్లిగా జోకొడుతుంది, అంతే. మంగవేణికి తల దిమ్ముగా ఉంది, నిద్ర కాబోలు అనుకుంది. గవరమ్మకి కాళ్ళు బరువెక్కాయి, అలసట కాబోలు అనుకుంది.

పిల్లకి పాలవేళ అయింది. పిల్ల ఏడవలేదు.

కంచె మీద పిచ్చుకకి అది వింతగా తోచింది. రోజూ ఈపాటికి చెవులు చిల్లులు పడాలే! చూరు కింద వాలి చెవి పెట్టింది. చప్పుడు లేదు. అప్పుడు మట్టిముద్దని ముక్కుతో పొడిచింది. ఇంకా పచ్చిగానే ఉంది. మళ్ళీ పొడిచింది, మళ్ళీ పొడిచింది. మట్టి ముక్కుకంటుకుంది, కళ్ళలో పడింది, వదల్లేదు. పొడవగా పొడవగా ఆ ముద్ద జారి, సరిగ్గా గవరమ్మ ముక్కు మీద పడింది, టప్పుమని!

గవరమ్మ ఉలిక్కిపడి లేచింది. కన్నంలో పిచ్చుక తల కనబడింది. "ఓసి దొంగముండా, ఎంత పొగరే నీకు!" అని చీపురు అందుకోబోయింది. కాళ్ళు నిలబడలేదు. గోడ పట్టుకుంది. తల గిర్రున తిరిగింది. అప్పుడు మంచం కేసి చూసింది. మంగవేణి పిలిస్తే పలకలేదు. పిల్ల మెడ వాల్చేసి ఉంది.

అప్పుడు తెలిసింది గవరమ్మకి.

తలుపు దాకా పాక్కుంటూ వెళ్ళింది. గోనె చుట్ట లాగిపారేసి తలుపు బార్లా తెరిచింది. ఇంత సేపూ తరిమి తరిమి కొట్టిన చలి, గబగబా లోపలికొచ్చింది. పిల్లని గుండెకి అదుముకుని వసారాలోకి తెచ్చింది. మళ్ళీ వెళ్ళి కూతుర్ని చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చింది. "మంగా, కళ్ళు తెరవ్వే! ఏడవ్వే తల్లీ, ఒక్కసారి ఏడవ్వే నా బంగారు కొండా!" అని పిల్ల అరికాళ్ళు రుద్దింది. చల్లటి గాలి పిల్ల మొహానికి తగిలింది.

ముందు మంగవేణి మూలిగింది. ఆ తర్వాత పిల్ల ముక్కు చిట్లించింది. ఆ తర్వాత, కేర్‌ర్‌ర్‌మంది చూడూ, కొండ మీదికి వినబడింది!

గవరమ్మ అక్కడే కూలబడి, పిల్లతో పాటు తనూ ఏడ్చింది. ఎప్పుడో పోయిన ఆ పిల్లవాడి కోసం దాచుకున్న ఏడుపు కూడా అప్పుడే ఏడ్చేసింది. అది మొదలు ఆ పిల్ల ఎంత ఏడ్చినా ఆవిడ విసుక్కోలేదు.

మర్నాడు నిచ్చెనెక్కి, కన్నం అంచులు తడి చేత్తో నున్నగా అలికింది. ముక్కంతా మట్టితో పిచ్చుక అక్కడే కూర్చుని చూస్తోంది. "రావే తల్లీ, ఇది నీ వాటా" అంది. అప్పట్నించి కుంపటి వసారాలోనే ఉండేది, గదిలోకి రానిచ్చేది కాదు. రాత్రిళ్ళు బొంత, తల్లి ఒడి, ఆ రెండే వెచ్చదనం.

చలి ఊరుకుంటుందా? మళ్ళీ వచ్చింది. ఈసారి భయపడుతూ పిచ్చుక కన్నం దగ్గర నిలబడి, "గవరమ్మా గవరమ్మా, చోటుందా?" అంది.

"ఉంది. పిచ్చుకంత చోటుంది. ముక్కు పెట్టు, ఒళ్ళు పెట్టకు!" అంది గవరమ్మ.

ఆ పిల్ల పేరా? బారసాల నాడు పేద్ద పేరే పెట్టారు. ఎవరు పిలిచారు గనక! ఊరంతా పిచ్చుకా, పిచ్చుకా అన్నారు. పెళ్ళయితే ఆ మొగుడూ అదే పట్టుకున్నాడు. ఎందుకే లేచి కూర్చున్నావు? మీ తాతయ్య ఇందాక వసారాలోంచి నన్నేమని పిలిచాడూ?

ఆఁ, ఇప్పుడు తెలిసిందిగా. ఇంక ఆ కిటికీ జోలికి వెళ్ళకు. దగ్గరికి జరుగు, కళ్ళు మూసుకో.

కథేమో కంచికి, చలేమో కొండకి,
పిచ్చుకేమో చూరుకి, పాపేమో బొంతకి!