నానుతున్న పడవ

వీరదాసు గురువుగారికి ఒక అలవాటు. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పరు, ఏదో ఒక పని పురమాయిస్తారు. అది తెలిసే అడిగాడు మల్లాడి పోలయ్య. డెబ్బై దాటిన పడవ సరంగు, మాట పడని మనిషి. ఆ రోజు మఠం మెట్లెక్కుతూనే మధ్యలో కూలబడి లేచాడు.

"ఒకే ఆస్పత్రి, ఒకే డాక్టరు గురువుగారూ. గుండె కొట్టుకోడం గతి తప్పిందని నాకూ నూకరాజుకీ తొడలోంచి తీగ పంపి, గుండెలో గతి తప్పిస్తున్న చోటు కాల్చారు. వాడు వారం తిరక్కుండా పడవ గెడ పట్టాడు. నాకు నెల దాటినా ఆయాసమే. నాకు చేసినదాంట్లోనే ఏదో లోటుంది. లేకపోతే వాడెంత, నేనెంత?"

నూకరాజుకి నలభై. వాడి తండ్రి ఎప్పుడో రేవులో అన్న ఎగతాళి మాట పోలయ్య ఈనాటికీ మరిచిపోలేదు. ఏటా ఏకాదశికి మఠం భక్తుల్ని ఏరు దాటించే పడవకి చుక్కాని పట్టేది పోలయ్యే. ఈసారి అది వాడి చేతికి పోతుందేమోనని ఆయనకి కూడు సయించడం లేదు.

గురువుగారు కళ్ళు మూసుకుని అంతా విన్నారు. "రేవులో రెండు పడవలకి మరమ్మతు అయిందట. చూసొద్దాం పద" అన్నారు.

ఈసురోమంటూ దిగాడు పోలయ్య. రెండింటికీ వడ్రంగి ఒకడే, సందుల్లో కూరిన జనపనారా ఒకటే, పూసిన గుగ్గిలమూ ఒకటే. కొత్త పడవ అప్పుడే ఏట్లో తిరుగుతోంది. పాతదాన్ని నీళ్ళలోకి తోసి, నూకరాజు ఇసుక బస్తాలు ఎక్కిస్తున్నాడు.

పోలయ్యకి ఒళ్ళు మండింది. "ఒరే నూకా! నీకు పడవ అప్పజెప్పిన మారాజెవడ్రా?"

"మరమ్మతయిపోయింది కదా మావా. అదిగో, కొత్తది తిరగట్లేదూ?"

"దానికీ దీనికీ సాపత్యమా? ఎన్ని ఎండలు తిన్న చెక్కరా ఇది! లోతు లేనిచోట కట్టి, ఊరికే నాననివ్వాలి. నీరు తాగి, ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకోవాలి. తొందరపెట్టావా, నడి ఏట్లో విచ్చుకుపోద్ది. వడ్రంగి తన పని తను చేశాడు. మిగతాది చెక్క పనిరా!"

అంత అరిచేసరికి ఊపిరందక గట్టు మీద చతికిలబడ్డాడు. నూకరాజు నవ్వలేదు. ఎక్కించిన బస్తాలు ఒక్కొక్కటే దింపసాగాడు.

పోలయ్య ఆ పాత పడవని చూస్తూ తన గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. చివరికి తలెత్తకుండానే, "ఈ ఏడు చుక్కాని వాడికే ఇవ్వండి" అన్నాడు. ఆ 'వాడికే' అన్నప్పుడు మాత్రం పళ్ళు బిగిశాయి.

గురువుగారు పక్కనే కూర్చున్నారు.

"నానేటప్పుడు పడవ, పక్క పడవ వంక చూడదు పోలయ్యా" అన్నారు.