పార పట్టిన రాజు

ఒక రాజ్యంలో కాలువ తవ్వడం పూర్తయింది. తూము దగ్గర పై ఊళ్ళ పెద్దలతో కలిసి రాజు ఫోటో దిగాడు. ఆయన పక్కన, తొలి పార వేసిన ముసలమ్మ ఆ పార పట్టుకుని నిలబడింది. ఆమెది కాలువ చివరి ఊరు.

ఆ రాజ్యంలో కంప్యూటర్లూ ఉండేవి, రాజులూ ఉండేవారు. ఇక ఆచారాలు సరేసరి. కాలువ పూర్తయిన నాటి ఫోటోలో ఎవరుంటే వాళ్ళ ఊళ్ళకే తడి. లేనివాళ్ళు మబ్బుల కేసి చూడాల్సిందే.

రాజుకి పై ఊళ్ళ పెద్దలు ముద్దు, చివరి ఊరు చేదు. ఫోటోలు దిద్దే అమ్మాయిని పిలిచి, "ఆ ముసలిదాన్ని తీసెయ్" అన్నాడు.

ఆ అమ్మాయి పుట్టింది చివరి ఊళ్ళోనే. రెండేళ్ళుగా అక్కడ నారు మడిలోనే ఎండిపోతోంది. కాదంటే తల పోతుంది, సరేనంటే ఊరు పోతుంది.

ముందు మచ్చలు మాన్పే హీలింగ్ కుంచె పట్టింది. అది పక్కనున్న రంగు తెచ్చి పూస్తుంది. ముసలమ్మ ముఖం చెదిరింది గానీ, రాజుగారి మీసం కరిగి కాలువలోకి జారింది. అది చెరిపేసి క్లోన్ ముద్ర పట్టింది. అది మనం చూపించిన చోటు నుంచి ఉన్నదున్నట్టు తెచ్చి అతికిస్తుంది. గట్టు మీదున్న ఒకే కొంగ మూడు చోట్ల ఒంటికాలి మీద నిలబడింది.

అమ్మాయి రాజు దగ్గరికి వెళ్ళింది. "ప్రభూ, ఈ పనిముట్లకి తియ్యడం రాదండి. ఒకరిని తీస్తే ఆ చోట ఇంకోటి పెట్టాలి. ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?"

"నా నుంచే తీసుకో. నాకంటే మంచి సరుకు ఈ రాజ్యంలో ఉందా?"

"లేదండి" అంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ.

రాజునే తెచ్చి ముసలమ్మ మీద అతికించింది. సన్నటి పార కర్ర దగ్గర మాత్రం అంచులు అలుక్కుపోతుంటే పారను అలాగే వదిలేసింది. అది సరిగ్గా రెండో రాజు చేతిలోకి వచ్చింది.

ఒకటికి రెండయ్యానని రాజు మురిసిపోయాడు. తాటిచెట్టంత ఫ్లెక్సీ వేయించి, తూము తెరిచే రోజున అక్కడే కట్టించాడు.

చివరి ఊరి జనంతో ముసలమ్మ వచ్చింది. తలెత్తి చూసి, "నా చోట నిలబడ్డ ఈ రాజుగారు ఎవరు బాబూ?" అంది.

"నేనే."

"మీరు అటు పక్కాయన కదా. నేనడిగేది పార పట్టుకున్నాయన్ని. ఆయనే మా రాజు. ఆయన ఊరికి తడి ఇప్పించండి."

"అలాంటి రాజు లేడు!"

"లేడా? అయితే ఫోటో అబద్ధం. ఫోటో అబద్ధమైతే ఎవరికీ తడి లేదు."

పై ఊళ్ళ పెద్దల ముఖాలు మాడిపోయాయి. వెనక నుంచి ఎవరో "పార రాజుకీ జై!" అన్నారు. జనమంతా అందుకున్నారు. పై ఊళ్ళ కూలీలు ఇంకా గట్టిగా అరిచారు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని రాజుకి అప్పుడు గుర్తొచ్చింది. "ముసలమ్మని తిరిగి పెట్టెయ్, ఇప్పుడే!" అని అమ్మాయి మీద కేకలేశాడు.

"పెట్టక్కర్లేదండి. ఆవిడ అక్కడే ఉంది."

అసలు ఫోటో మీద చెయ్యి వెయ్యకూడదని ఆమె పనిలో తొలి పాఠం. దిద్దుబాటంతా పైన పరిచిన పొర మీదే చెయ్యాలి. కంప్యూటర్లో ఆ పొర తీసేసింది. కింద ముసలమ్మ, పారతో సహా, చెక్కుచెదరకుండా ఉంది.

తూము తలుపు లేచింది. నీళ్ళు చివరి ఊరి దాకా ఉరికాయి. అమ్మాయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి సంతోషం పట్టలేక ఏడ్చింది.

ముసలమ్మ ఆ ఫ్లెక్సీ అడిగి తెచ్చుకుంది. పార పట్టిన రాజును కత్తిరించి, తన వరిచేలో దిష్టిబొమ్మగా నిలబెట్టింది.

కోతల నాటికి రాజు అటుగా వెళ్తూ ఆగాడు. "ఎవరది?"

"మా రాజుగారు" అంది ముసలమ్మ.

"మరి నేనెవర్ని?"

ముసలమ్మ ఆయన చేతుల కేసి చూసింది.

"మీ పార ఏది బాబూ?"