బొత్తాం లేని కోటు

జెర్మెన్‌ను ఆ రోజు ఒకటే ప్రశ్న తొలిచేస్తోంది. తప్పు చేయనివాళ్ళు ఎందుకు పరిగెత్తుతారు?

ఫ్రాన్స్ దేశపు ఉత్తరపు ఒడ్డున, చలికాలమంతా పొగమంచు వదలని ఒక చిన్న ఓడరేవు. అక్కడి కన్యాస్త్రీల మఠంలో ఆమె చేరి ఇంకా ఏడాది కాలేదు. కన్యాస్త్రీగా ప్రమాణం చేసిన సిస్టర్లకు నల్లముసుగు, ఆమెకింకా తెల్లముసుగే. రేవులోని సత్రాల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇవ్వడం ఆ మఠానికి బతుకుతెరువు.

జెర్మెన్ జడ్జిగారి కూతురు. న్యాయం సంగతి తనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఆమె గట్టి నమ్మకం. పాపం, చెడ్డపిల్లేం కాదు. ఎదుటివాళ్ళలో తప్పు కనబడితే మాత్రం అది చెప్పేదాకా ముద్ద దిగేది కాదు.

ఆ పొద్దున ఉతుకుడు గది తలుపు తట్టి ఒక పిల్ల లోపలికి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. తలనుంచి పాదాలదాకా తడిసి ఉంది. పేరు లూసెట్ అంది, అంతకుమించి నోరు విప్పలేదు. మఠానికి పెద్ద అయిన మదర్ బెనెదిక్త్ కూడా ఏమీ అడగలేదు. వేడివేడి సూప్ తాగించి, ఇస్త్రీ గదిలో పొయ్యి వెనకాల పడుకోబెట్టింది. తడి కోటునూ ఉన్నిశాలువానూ పొయ్యి పక్కన మేకుకు తగిలించింది. బూడిదరంగు కోటు. నడిమి బొత్తాం ఊడిపోయి ఉంది.

మధ్యాహ్నం జెర్మెన్ రొట్టెల దుకాణానికి వెళ్ళేసరికి అక్కడ అందరి నోటా ఒకటే మాట. రేవులో సారాకొట్టు నడిపే మనిషిని ఎవరో పొడిచి చంపారట. ఆ కొట్లో పాటలు పాడే పిల్ల కనబడటం లేదట. ఆ పిల్లది బూడిదరంగు కోటట, నడిమి బొత్తాం లేదట. పోలీసులు ఊరంతా ఆ కోటు కోసమే గాలిస్తున్నారట.

జెర్మెన్ రొట్టెలు తెచ్చి బల్లమీద పడేసి, తిన్నగా మదర్ ముందుకు వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆ పిల్ల హంతకురాలు."

మదర్ ఇస్త్రీ ఆపలేదు. "నీతో చెప్పిందా?"

"చెప్పాలా? పారిపోయి వచ్చిందిగా. తప్పు చేయనివాళ్ళు ఎందుకు పరిగెత్తుతారమ్మా? నేరుగా స్టేషన్‌కి పోయి జరిగింది చెప్పుకుంటారు. పోలీసులున్నది అందుకే కదా."

"అంతేనంటావా?"

"అంతే మరి. తెలిసీ దాచామంటే ఆ పాపం మనకీ చుట్టుకుంటుంది."

మదర్ దుప్పటిని నాలుగు మడతలు పెట్టి పక్కన పేర్చింది. "అయితే వెళ్ళి చెప్పిరా. నేను అడ్డు రాను."

ఇంత తేలిగ్గా తేలిపోతుందని జెర్మెన్ అనుకోలేదు. మదర్‌తో వాదించడానికి తండ్రిగారి మాటలు కొన్ని సిద్ధంగా పెట్టుకుంది. అవి అలాగే మిగిలిపోయాయి. కిటికీలోంచి చూస్తే బయట సన్నగా తుంపర మొదలైంది. తన నల్ల పైబట్ట ఇప్పుడే ఉతుకులో పడింది.

మదర్ మేకుకున్న కోటు తీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇది ఆరింది. వేసుకెళ్ళు."

"ఆ పిల్ల కోటా?"

"ఇక్కడ ఎవరి బట్టలు వాళ్ళవి కావని నువ్వు వచ్చిన రోజే చెప్పాను. ఏం, భయమా?"

"నాకెందుకమ్మా భయం? నేనేం చేశానని?"

"అదే కదా. వేసుకో."

ముసుగు తడవకుండా లూసెట్ ఉన్నిశాలువా కూడా తీసి మదరే ఆమె తలకు చుట్టింది. పొయ్యి వెనకాల ఆ పిల్ల మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, నిద్రలో కూడా ముడుచుకునే ఉంది. జెర్మెన్ ఆ వైపు చూడకుండా బయటికి నడిచింది.

సందు మలుపులో రొట్టెల దుకాణం ఆవిడ గడపలో నిలబడి ఉంది. రోజూ పలకరించే మనిషే. జెర్మెన్ నవ్వింది. ఆవిడ కోటు వంక చూసి, చటుక్కున లోపలికి పోయి తలుపు వేసుకుంది.

నన్ను గుర్తుపట్టలేదు కాబోలు అనుకుంది జెర్మెన్. గుర్తుపట్టకపోవడం నిజమే కానీ, ఆవిడ చూసిన చూపు మాత్రం ఆమె వెంటే వచ్చింది.

రేవు దగ్గర బస్తాలు మోసేవాళ్ళు మాట్లాడుకుంటున్నవాళ్ళల్లా ఆపేశారు. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు వాడి మోచేతిని పొడిచి వద్దన్నాడు. పైఅంతస్తులో ఒక కిటికీ తెర కదిలింది. బొత్తాం లేని చోటునుంచి చలిగాలి రొమ్ముకు తగులుతోంది. జెర్మెన్ అక్కడ గుప్పిట బిగించి పట్టుకుంది. చలికే పట్టుకుంది, కానీ పట్టుకున్నాక ఆ చెయ్యి తీయబుద్ధి కాలేదు.

స్టేషన్ ముందరి నీలిదీపం మంచులో మసకగా కనబడుతోంది. ఇంకొంచెం దూరమే. అప్పుడు వెనక అడుగుల చప్పుడు వినిపించింది. ఆమె ఆగితే ఆగుతోంది, నడిస్తే వస్తోంది.

"ఏయ్, ఆగు," అంది ఒక మగగొంతు.

ఆమె ఆగవచ్చు. వెనక్కి తిరిగి శాలువా తీసి, నేను ఫలానా అని చెప్పవచ్చు. అదే చెప్పాలనుకుంది కూడా. కానీ తనకు పేరుందనీ, తండ్రి జడ్జి అనీ, తానేమీ చేయలేదనీ ఆ క్షణాన ఏదీ గుర్తు రాలేదు. ఆ వచ్చేవాళ్ళకు తాను దొరకకూడదు, అంతే.

జెర్మెన్ కాళ్ళకు బుద్ధి చెప్పింది. నీలిదీపం వైపు కాదు, వచ్చిన దారినే.

ఇస్త్రీ గదిలోకి వచ్చి పడేసరికి ఊపిరి అందడం లేదు. చెప్పు ఒకటి ఎక్కడో జారిపోయింది. మదర్ ఇంకా దుప్పట్ల దగ్గరే ఉంది.

"చెప్పొచ్చావా?"

జెర్మెన్ తల అడ్డంగా ఊపింది.

"మరి ఆ రొప్పేమిటి?"

 అప్పుడే వీధి తలుపు దబదబ మోగింది. పొయ్యి వెనకాల లూసెట్ దిగ్గున లేచి కూర్చుంది. అరవలేదు, ఏడవలేదు. ఎటు పోవాలా అని గోడల వంక చూసింది.  వాళ్ళను ఇంటిదాకా వెంటబెట్టుకొచ్చింది తానే.

మదర్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి లేవబోయింది.

"మీరుండండమ్మా," అని జెర్మెన్, ఆ కోటు విప్పకుండానే, ఒక కాలికి చెప్పు లేకుండానే వెళ్ళి తలుపు తీసింది.

బయట ఇద్దరున్నారు. టోపీ అంచునుంచి నీళ్ళు కారుతున్న పెద్దాయన ఇన్‌స్పెక్టరు. ఆయన చేతిలో ఆమె చెప్పు ఉంది.

"ఇప్పుడే ఒక పిల్ల ఇటు వచ్చింది. బూడిదరంగు కోటు," అన్నాడు.

"అది నేనే," అని జెర్మెన్ శాలువా తీసింది. లోపల తెల్లముసుగు చూసి ఇద్దరూ ముఖాలు చూసుకున్నారు.

"ఈ కోటు మీదేనా సిస్టర్?"

"ఇక్కడ ఎవరి బట్టలు వాళ్ళవి కావండి. మదర్ ఏది ఇస్తే అది వేసుకుంటాం."

బొత్తాం లేని చోట ఆమె గుప్పిట బిగిసే ఉంది. తీయలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఒకటి దాచడం అదే మొదలు.

ఇన్‌స్పెక్టరు ఆమె వంక చూశాడు. కోపంగా ఏమీ లేడు, అలిసిపోయి ఉన్నాడు.

"మరి ఆగమంటే పరిగెత్తారేం? తప్పు చేయనివాళ్ళు ఎందుకు పరిగెత్తుతారు?"

తన మాటే. ఒక్క అక్షరం తేడా లేదు. అది ఇంకొకరి నోటినుంచి వింటే ఎలా ఉంటుందో జెర్మెన్‌కు అంతవరకూ తెలియదు.

"భయమేసింది," అంది.

ఇన్‌స్పెక్టరు ఆ చెప్పు గడపమీద పెట్టి, టోపీ సర్దుకుని మంచులోకి వెళ్ళిపోయాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి మదర్ పొయ్యిలో బొగ్గులు ఎగదోస్తోంది. మంచి పని చేశావనీ అనలేదు, చెడ్డపని అనీ అనలేదు. జెర్మెన్ ఆరేసి ఉన్న తన నల్ల పైబట్టను దండెంమీదనుంచి తీసి, పొయ్యికి దగ్గరగా పట్టుకుని ఆరబెడుతూ కూర్చుంది.

మర్నాడు దుప్పట్ల బండితోపాటు లూసెట్ ఆ నల్లబట్ట కప్పుకుని వెళ్ళిపోయింది. ఓడ ఎక్కిందో, ఎక్కకముందే దొరికిపోయిందో మఠానికి కబురేదీ రాలేదు. సారాకొట్టువాణ్ణి పొడిచింది ఆమేనో కాదో కూడా తెలియలేదు. జెర్మెన్ ఇక ఆ మాట ఎత్తలేదు.

ఆ చలికాలమంతా ఆమె బూడిదరంగు కోటే వేసుకుంది. ఒకనాడు మదర్ కుట్టుపెట్టెలోంచి సరిపోయే బొత్తాం ఒకటి ఏరి, సూదీ దారంతో సహా ఆమె ముందు పెట్టింది.

"కుట్టుకో. గాలి కొడుతోంది కదా."

జెర్మెన్ ఆ బొత్తాన్ని కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసి, మళ్ళీ పెట్టెలో వేసేసింది.

"కొట్టనివ్వండమ్మా," అంది.